నాకు అభ్యంతరం లేదు

కొత్తవలస,
20 జూలై 1983.

మరదలు ప్రమీలారాణికి వదిన దేవుడమ్మ దీవెనలు.

నువ్వూ రూతూ ఎలా ఉన్నారు? పిల్ల నాన్న కోసం అడుగుతోందా? నాలుగేళ్ళ పిల్లకి ఏం చెప్పినా రేపటికి మళ్ళీ అడుగుతుంది. విసుక్కోకు.

మీ కిరండూల్ నుంచి వచ్చి నెల దాటింది. నా చీర అంచుకి అంటిన ఆ ఇనుప గనుల ఎర్ర దుమ్ము నాలుగు ఉతుకులకీ వదల్లేదు. పదేళ్ళు ఆ దుమ్ములో రైలు పెట్టెలకి గొలుసులు తగిలించినవాడు, ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, మా తమ్ముడు యేసుపాదం దోమకాటు జ్వరానికి మూడు రోజుల్లో పోయాడంటే ఇక్కడ ఎవరూ నమ్మడం లేదు. నాకే నమ్మకం కుదరలేదు. తెల్లారి లేచి, వాడు పోయాడని నాకు నేను చెప్పుకుని అప్పుడు పొయ్యి వెలిగిస్తున్నాను.

ఇక అసలు మాట. సర్వీసులో ఉండగా పోయినవాడి ఇంట్లో ఒకరికి రైల్వేవాళ్ళు ఉద్యోగం ఇస్తారు. అది మన భూషణానికి రాయించు. వాడు నీకు మరిది, నాకు తమ్ముడే అయినా నా చేతిలో పెరిగిన బిడ్డ. వాణ్ణి కని అమ్మ కన్నుమూస్తే ఆవుపాలు పట్టి బతికించాను. ఇరవై మూడేళ్ళు వచ్చినా నా మాట జవదాటడు. జీతం తెచ్చి నీ చేతిలో పెడతాడు. నిన్నూ రూతునీ కళ్ళలో పెట్టుకుంటాడు. దానికి నేను పూచీ.

ఆలస్యం చెయ్యకు. ఇలాంటి విషయాలు వేడి మీద ఉన్నప్పుడే అవ్వాలి. ఈ ఉత్తరం గార్డు నూకరాజు చేతికిస్తున్నాను. రేపు సాయంత్రానికి నీకు చేరుతుంది. జవాబు కూడా వాడికే ఇయ్యి. రైల్వే కొంపలో పుట్టి తపాలా బిళ్ళలు కొనడమేమిటి?

ఇట్లు,
దేవుడమ్మ


కిరండూల్, రైల్వే క్వార్టర్లు,
2 ఆగస్టు 1983.

వదినగారికి ప్రమీల వందనాలు.

మేం బాగానే ఉన్నాం. ఇక్కడ వాన మొదలైతే ఆగదని మీకు తెలుసు. రూతు గుమ్మంలో కూచుని డ్యూటీ దిగి వచ్చేవాళ్ళని లెక్కపెడుతోంది. నేను చూడనట్టు ఊరుకుంటున్నాను.

మీరు రాసిన విషయమే నిన్న వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరుగారు వచ్చి చెప్పారు. జగదల్‌పూర్‌లో మకాం ఉండి ఈ లైనంతా తిరుగుతున్నారు. "చూడమ్మా, కాయితాల్లో నువ్వు ఎనిమిది చదివినట్టు ఉంది. ఉద్యోగం నువ్వే చేసుకోవచ్చు. షెడ్డులో కలాసీ పని. వాల్తేరు వెళ్ళి చిన్న పరీక్ష రాయాలి, అంతే. నీకొద్దు, మరిదికి ఇమ్మంటావా, ‘నాకు అభ్యంతరం లేదు’ అని రాసి సంతకం పెట్టు. నేను ఇరవై ఏడున మళ్ళీ వస్తా. సోచ్ లేనా, ఆలోచించుకో" అన్నారు.

నేనే చేద్దామనుకుంటున్నాను వదినా. ఈ ఒక్క మాట రాయడానికి రెండు కాయితాలు చింపాను. భూషణం మంచివాడు కాదని నేను అనను. కానీ మా అమ్మ చివరి రోజుల్లో ముగ్గురు కొడుకుల ఇళ్ళలో వంతులవారీగా తిన్నది. నెల మారే రోజున మూట కట్టుకుని వీధిలో నిలబడేది. ఆ మూట నాకు గుర్తుంది.

రూతే నాకు అడ్డం. దాన్ని ఎవరు చూస్తారు? మీరొచ్చి ఒక్క ఏడాది నా దగ్గర ఉండండి. మీ అమ్మాయి సుగుణ పెళ్ళయి పలాస వెళ్ళిపోయింది. అక్కడ ఒంటరిగా ఉండేది ఇక్కడ ఉండండి. మీరు ఉంటానంటే నాకు ధైర్యం.

క్వార్టర్ల వెనక బస్తీలో సోమ్లీ అని ఒకామె ఉంది. సరిహద్దున ఉన్న గొల్లపల్లి వైపు మనిషి, అందుకని తెలుగు వస్తుంది. మొగుడు ఇద్దరు పిల్లల్ని వదిలేసి పోయాడు. చింతపండు, ఆకుకూరలు అమ్ముతుంది. నిన్న నన్ను చూసి, "ఏంది అక్కా, గట్ల కూసున్నవ్? నౌకరీ ఇస్తమంటె ఏడుస్తరా ఎవలన్న?" అంది. ఆయన పోయాక మొదటిసారి నవ్వొచ్చింది.

జవాబు త్వరగా రాయండి.

మీ
ప్రమీల


కొత్తవలస,
8 ఆగస్టు 1983.

ప్రమీలకు,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చింతపండు అమ్ముకునే మనిషి నీకు సలహాదారు, తల్లిలాంటి వదిన మాట చేదు!

షెడ్డులో కలాసీ అంటే ఏమిటో తెలుసా నీకు? ఒళ్ళంతా గ్రీజు. వారానికో వేళలో డ్యూటీ. చుట్టూ మగాళ్ళు. వయసులో ఉన్నదానివి, మొగుడు పోయినదానివి. నువ్వు నిప్పులా ఉన్నా లోకం ఊరుకోదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? రేపు రూతుకి సంబంధం చూసేటప్పుడు తల్లి ఎక్కడ పనిచేసిందని అడగరా?

నేను వచ్చి ఉండడం కుదరదు. మోకాళ్ళు పట్టేశాయి. మీ ఊరి చలికి, వానకి నేను ఆగలేను. పిల్లని చూడడానికి వచ్చి నేనే మంచాన పడితే నీకు ఇద్దరు పిల్లలవుతారు.

మీ అమ్మ సంగతి రాశావు. మీ అన్నలు వేరు, నా తమ్ముళ్ళు వేరు. భూషణాన్ని పంపుతున్నాను. ఇరవై నాలుగున దిగుతాడు. "అప్పా, వదిన్ని నాను సూసుకుంతాను, నువ్వేటీ దిగులెట్టుకోకు" అని నా చేతిలో చెయ్యేసి చెప్పాడు. ఇరవై ఏడున నవ్వుతూ సంతకం పెట్టు. మాటవరసకి చెప్పడం కాదు, పెద్దదాన్నిగా ఆజ్ఞ అనుకో.

దేవుడమ్మ


కొత్తవలస,
18 ఆగస్టు 1983.

ప్రమీలా,

సంతకం పెట్టకు.

మొదట ఆ మాట చదివి, పిల్లకి అన్నం పెట్టి, తీరిగ్గా కూచుని మిగతాది చదువు. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేస్తున్నాను. నూకరాజుకిస్తే కోరాపుట్‌లో ఇంకో గార్డు చేతిలోకి మారుతుంది. రైల్వేవాళ్ళ చేతిలో ఉత్తరమంటే లైనంతా చదివినట్టే. ఇందులో రాసేది ఎవరి కంటా పడడం నాకు ఇష్టం లేదు.

మీ ఆయన నాకు నెలనెలా మనియార్డరు పంపేవాడు. నువ్వు కాపురానికి వచ్చాక కూడా ఆపలేదు. వదిన తేరగా తింటోందని నువ్వు ఒకసారి పక్కింటావిడతో అన్నావు. నేను విన్నాను. నీ తప్పు కాదు, అది ఎందుకు వస్తోందో నీకు ఎవరూ చెప్పలేదు.

మా నాన్న కూడా రైల్వే సర్వీసులోనే పోయాడు, అరవై మూడులో. అప్పటికి నా మొగుడు అస్సాం తేయాకు తోటలకని వెళ్ళి రెండేళ్ళు. ఉత్తరం లేదు, మనిషి లేడు. నా చంకలో సుగుణ, కాళ్ళ దగ్గర భూషణం. ఇన్‌స్పెక్టరు వచ్చి, వాల్తేరు రైల్వే ఆసుపత్రిలో ఆయా పని ఉంది, పెద్దపిల్ల చేస్తుందా అని అడిగాడు. నేను యేసుపాదాన్ని ముందుకు తోశాను. వాడికి పద్దెనిమిది నిండాయి. మగపిల్లాడు, వాడి బతుకు బాగుపడాలని నాది వాడికిచ్చాను. "అప్పా, బతికున్నన్నాళ్ళూ నీకు పంపుతాను" అన్నాడు. అలాగే పంపాడు.

మొన్న పదో తారీఖున పోస్టుమేను వచ్చే వేళకి అలవాటుగా గుమ్మంలోకి వచ్చి కూచున్నాను. అతను నన్ను చూసి తల వంచుకుని సైకిలు తొక్కుకుంటూ పోయాడు. అప్పుడు నాకు తెలిసొచ్చింది, నేను భూషణం భూషణం అని ఎందుకు పట్టుబడుతున్నానో. వాడికి ఉద్యోగమొస్తే ఆ సైకిలు మళ్ళీ నా గుమ్మంలో ఆగుతుంది. నీ మంచి కోసం కాదే ప్రమీలా, నా కంచం కోసం రాశాను.

తమ్ముడు దేవుడిలాంటివాడు. అయినా ఇరవై ఏళ్ళు ప్రతి నెలా పదో తారీఖు దాకా ఊపిరి బిగబట్టి బతికాను. సుగుణకి గౌను చిరిగితే వాడికి రాయాలి. జ్వరమొస్తే రాయాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారు, అడిగి అడిగి నా నోరు ఎంత చిన్నదైపోయిందో నాకే తెలుసు. తిట్టేవాడైతే ఎదురు తిట్టేదాన్ని. మంచివాడి ముందు చెయ్యి చాపడం ఇంకా కష్టం.

భూషణానికి నేను చెప్పుకుంటాను. రూతుని చూడడానికి నేను వస్తాను. నా మోకాళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. నీ ఇంట్లో నీ చేతి అన్నం తింటూ, నువ్వు అన్న ఆ మాట గుర్తుచేసుకుంటూ ఉండలేక అబద్ధం రాశాను.

ఉద్యోగం నువ్వే తీసుకో.

మీ వదిన
దేవుడమ్మ


కిరండూల్,
6 సెప్టెంబరు 1983.

వదినగారికి ప్రమీల వందనాలు.

సంతకం పెట్టేశాను.

మీ ఉత్తరం ముప్పయ్యో తారీఖున అందింది. ఘాటులో కొండచరియ పడి నాలుగు రోజులు రైళ్ళు ఆగిపోయాయని మీకు తెలిసే ఉంటుంది. టపా సంచులన్నీ అవతలే ఉండిపోయాయి. ఇన్‌స్పెక్టరుగారు ఇవతలే ఉన్నారు కాబట్టి అన్నమాట ప్రకారం ఇరవై ఏడున వచ్చారు. "పక్కా?" అని రెండుసార్లు అడిగారు. భూషణం ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్కన నిలబడ్డాడు. నేను పక్కా అన్నాను.

మీరు రావలసిన పనిలేదు. ఇప్పుడు నేను ఇంట్లోనే ఉంటాను కదా.

ప్రమీల


కొత్తవలస,
12 సెప్టెంబరు 1983.

అమ్మా ప్రమీలా,

మూడు రోజులు. మూడంటే మూడు రోజులు. నూకరాజుకి ఇచ్చి ఉంటే పంతొమ్మిదికి నీ చేతిలో ఉండేది. జన్మలో ఒక్క ఉత్తరం పోస్టులో వేశాను, అదీ నా పరువు కోసం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాలినవి నా చేతులైనా బాగుండేది, నీవి కాల్చాను.

భూషణానికి గట్టిగా రాశాను, నువ్వు అడగకముందే ఇవ్వాలని. నా మాట వింటాడు. ఇంక ఏం రాయాలో తెలియడం లేదు.

దేవుడమ్మ


కిరండూల్,
3 మార్చి 1984.

వదినగారికి ప్రమీల వందనాలు.

మీ ఉత్తరాలన్నీ అందాయి. జవాబు రాయలేదని బాధపడకండి. రాయడానికి ఏమీ జరగడం లేదు.

భూషణం డ్యూటీకి వెళ్తున్నాడు, వస్తున్నాడు. తాగడు, తిట్టడు. బియ్యం, పప్పు, కిరసనాయిలు తెచ్చి పడేస్తాడు. జీతం నా చేతిలో పెడతాడని మీరు రాశారు. మొదటి నెల పెట్టాడు. రెండో నెల ఉత్త చేతులతో వచ్చి మర్చిపోయానన్నాడు. మూడో నెల నుంచి నేను అడగలేదు.

కిందటి వారం తలకి నూనె అయిపోయిందని చెప్పాను. "మొన్నే కదేటి తెచ్చాను వదినా?" అన్నాడు. వెటకారం లేదు. నిజంగానే గుర్తులేక అడిగాడు. నేను రెండు రోజులు తల దువ్వుకోలేదు. మీరు రాసింది అప్పుడు పూర్తిగా అర్థమైంది.

వాడికి మే నెలలో పెళ్ళి కుదిర్చారని విన్నాను. సంతోషం. క్వార్టరు ఇప్పుడు వాడి పేరు మీదే ఉంది. ఒక్క గది, వంటిల్లు, వెనక వరండా. వరండాకి గోనెపట్టాలు కట్టుకుంటే నేనూ రూతూ అందులో సర్దుకోగలం. మీరేమీ అనకండి వాడిని.

ప్రమీల


కొత్తవలస,
20 మే 1984.

ప్రమీలకు దీవెనలు.

పెళ్ళిలో నిన్ను సరిగా పలకరించలేకపోయాను. చర్చిలో చివరి బెంచీలో పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూచున్నావు. కావాలని వెనక కూచున్నావని నాకు తెలుసు. ఫొటోకి పిలిస్తే రాలేదు.

నీ తోటికోడలు వచ్చీ రాగానే నా దగ్గర కూచుని, "ఆ వరండాలో ఆవిడుంటే మేం ఎలాగండి కాపరం సేసేది?" అని అడిగింది. చిన్నపిల్ల, దాని మాటలో అబద్ధమేమీ లేదు. నాకు కోపం రావాలి, రాలేదు. ఈ చిక్కంతా నేను వేసిందే.

నువ్వు నా దగ్గరికి వచ్చెయ్యి. ఇద్దరం ఒక పొయ్యి మీద వండుకుందాం. భూషణం నాకు పంపిన మనియార్డరు తిప్పి పంపేశాను, అది రూతుకి ఇవ్వమని. నేను అడ్డాకుల విస్తళ్ళు కుడుతున్నాను. ఈనె పుల్లలు వేళ్ళకి గుచ్చుకుంటున్నాయి. నలభై ఏడేళ్ళకి మొదటిసారి ఒక పని చేసి కూలి తెచ్చుకున్నాను. మొదటి రోజు ఆ చిల్లర ఎక్కడ పెట్టాలో తెలియక బైబిలు సంచిలో వేశాను. సిగ్గేసింది, సంతోషం కూడా వేసింది.

వస్తావు కదూ?

దేవుడమ్మ


కిరండూల్ బస్తీ,
15 నవంబరు 1984.

వదినగారికి ప్రమీల వందనాలు.

పైన చిరునామా చూసి కంగారుపడకండి. క్వార్టరు వదిలేశాను. పోట్లాట లేదు. వాన మొదలయ్యాక వరండాలో రూతుకి దగ్గు పట్టింది. ఒకరోజు సోమ్లీ వచ్చి, నన్ను అడగకుండానే మా మూట నెత్తిన పెట్టుకుంది. "నడువ్ అక్కా. మా అర్ర పక్కన ఇంకో అర్ర ఖాళీనే ఉన్నది" అంది. నేను ఆ గది వైపు ఆమె వెనకే నడిచాను. అంతే జరిగింది.

ఇప్పుడు క్యారేజీలు కడుతున్నాను. ఇక్కడ కాంట్రాక్టరు లారీలు నడిపే మనవైపు డ్రైవర్లు చాలామంది ఉన్నారు. రొట్టెలు తినలేక ఏడుస్తుంటారు. మొదటి వారం పులుసు మరీ పుల్లగా చేశానని ముగ్గురు మానేశారు. సోమ్లీ తెచ్చే కొత్త చింతపండు మన పాతదానికంటే పులుపని నాకు తెలియదు. ఇప్పుడు చేయి కుదిరింది. ఇరవై రెండు క్యారేజీలు వెళ్తున్నాయి. ఆదివారాలు ఎండు నెత్తళ్ళు వండితే రన్నింగ్ రూములో బస చేసే రైలు డ్రైవర్లు కూడా మనిషిని పంపుతున్నారు.

రూతుని సోమ్లీ తల్లి హిడ్మే చూస్తుంది. సోమ్లీ పిల్లలతో కలిసి ఆడుతోంది, గోండిలో తిడుతోంది. పిల్లని చూడమని నేను అప్పుడు మిమ్మల్ని బతిమాలుకున్నాను కదా. హిడ్మేని అడగనేలేదు. ముగ్గురు పిల్లలకి కలిపి జావ కాచింది, అంతే.

ఒక సంగతి చెప్పాలి. ఇక్కడి సంతలో సరుకు తెచ్చేదీ అమ్మేదీ ఆడవాళ్ళే. పైసలు వాళ్ళ కొంగులోనే ఉంటాయి. మొగుడు కల్లుకి కావాలంటే పెళ్ళాన్ని అడగాలి. నేను మొదటి నెల డబ్బు దాచమని భూషణానికి ఇవ్వబోతే సోమ్లీ నా చెయ్యి పట్టుకుంది. "నీ కొంగుకు ముడి లేదా ఏంది?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు పోస్టాఫీసులో నా పేరున పుస్తకం తీశాను.

కొత్తవలస రాను వదినా. కోపంతో కాదు. కానీ నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, ఇది సుఖంగా ఏమీ లేదు. తెల్లవారకముందే లేవాలి. రెక్కాడితేగాని డొక్కాడదు. సెప్టెంబరులో నాకు మలేరియా వచ్చి పదిహేను రోజులు పడుకుంటే పదిహేను రోజులూ పొయ్యి లేదు. షెడ్డులో ఆడ కలాసీ ఒకామెకి అదే నెలలో జ్వరమొస్తే సెలవు ఇచ్చి మందులు కూడా ఇచ్చారు. ఆమె మొగుడి ఉద్యోగమే ఆమెకి వచ్చింది. నాలుగు చదివిందట. ఆమె ఇంటి ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే నేను చుట్టూ తిరిగి వెళ్తున్నాను.

ప్రమీల


కొత్తవలస,
10 జనవరి 1985.

ప్రమీలకు దీవెనలు.

క్రిస్మసుకి వస్తావని ఎదురుచూశాను. క్యారేజీలు వదిలి ఎలా వస్తావులే.

నీ ఉత్తరంలో ఆ షెడ్డు మనిషి గురించి రాసింది చదివాక నాకు అన్నం సయించడం లేదు. అది నీ ఉద్యోగం. నువ్వు వేసుకోవలసిన మందులు. పాస్టరుగారితో అన్నీ చెప్పుకుని ఏడ్చాను. పోస్టులో వెయ్యడం పాపం కాదమ్మా అన్నారాయన. ఆయనకేం తెలుసు? బజారులో పోస్టు డబ్బా పక్కనుంచి వెళ్ళాల్సి వస్తే మొహం తిప్పుకుంటున్నాను. ఎర్రగా అది నన్నే చూస్తున్నట్టుంటుంది.

నువ్వు నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. తిడితే తేలికపడేదాన్ని. మూడు రోజుల ఆలస్యానికి నీ బతుకు పోగొట్టాను. క్షమించానని ఒక్క ముక్క రాయి. నాకింకేమీ వద్దు.

దేవుడమ్మ


కిరండూల్ బస్తీ,
2 ఫిబ్రవరి 1985.

వదినగారికి ప్రమీల వందనాలు.

క్షమించానని రాద్దామని కూచున్నాను. చెయ్యి రాలేదు. క్షమించడానికి మీ తప్పు ఉంటే కదా.

మీ ఉత్తరం ముప్పయ్యో తారీఖున రాలేదు. ఇరవై అయిదున వచ్చింది, గురువారం మధ్యాహ్నం. కొండచరియ పడింది ఆ మర్నాడు. సంతకానికి రెండు రోజుల ముందే అది నా చేతిలో ఉంది. నాలుగుసార్లు చదివాను. చదివి మడిచి, ఆయన యూనిఫారాల కింద పెట్టి, శనివారం నాడు సంతకం పెట్టాను.

నేను ఎనిమిది చదవలేదు వదినా. అయిదు తప్పాను. పెళ్ళిచూపుల్లో మా నాన్న ఎనిమిది అన్నాడు, మీ తమ్ముడు అదే రైల్వే కాయితాల్లో రాయించారు. ఆయనకి తెలిశాక నవ్వి ఊరుకున్నారు. వాల్తేరులో పరీక్ష అని ఇన్‌స్పెక్టరుగారు అన్నప్పుడే నాకు భయం పట్టుకుంది. అందరి ముందూ హిందీ చదవమంటే? లెక్కలు చెయ్యమంటే? అబద్ధం రాయించారని చచ్చిపోయినవాడి పేరు పాడైతే? మీరు రానన్నారని, పిల్లని చూసేవాళ్ళు లేరని ఒక వంక ఉండేది. మీ ఉత్తరంతో ఆ వంక కూడా పోయింది. మీరు వస్తానన్నారు. ఇంక నేను వెళ్ళి తీరాలి. ఆ రెండు రోజులు నాకు మీ మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను.

"పక్కా?" అని ఇన్‌స్పెక్టరుగారు రెండుసార్లు అడిగినప్పుడు, వదినగారు చెప్పారు కాబట్టి అనుకున్నాను. మీ మాట వినే మంచి మరదలిననుకున్నాను. కొండచరియ వార్త వినగానే అబద్ధం దానంతటదే అల్లుకుంది. మీరు ఏడుస్తూ రాసిన ప్రతి ఉత్తరమూ నాకు ఓదార్పుగా ఉండేది. ఇదిగో, తప్పు ఆవిడదే అని ఆవిడే ఒప్పుకుంటోంది కదా అనుకునేదాన్ని. ఇంతకంటే పాపం ఇంకేమైనా ఉందా?

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మళ్ళీ అలాంటి రోజే వచ్చింది. రన్నింగ్ రూములో వంటమనిషి ఉద్యోగం ఖాళీ అయింది. నా నెత్తళ్ళ పులుసు తిన్న డ్రైవర్లే పైవాళ్ళకి నా పేరు చెప్పారు. ఫిబ్రవరి పద్నాలుగున వాల్తేరు రమ్మని కాయితం వచ్చింది. డాక్టరు చూస్తారు, ఏవో ప్రశ్నలు అడుగుతారు. భూషణమే తెచ్చి ఇచ్చాడు. "నువ్వెల్లు వదినా, నానుంతాను రూతు కాడ" అన్నాడు పాపం. హిడ్మే ఉంది, సోమ్లీ ఉంది. ఏ వంకా లేదు.

అయిదు తప్పానని వాళ్ళతో చెప్పాలి. కాయితాల్లో ఎనిమిది ఎందుకుందో చెప్పాలి. వెళ్ళడానికి భయంగా ఉంది. మీతో నిజం చెప్పలేనిదాన్ని వాళ్ళతో ఏం చెబుతాను అనిపించి ముందు మీకు రాస్తున్నాను.

ప్రమీల


కొత్తవలస,
8 ఫిబ్రవరి 1985.

ప్రమీలారాణికి,

నీ ఉత్తరం వచ్చి అయిదు రోజులు. నీ మీద కోపం ఇంకా పోలేదు, ఆ సంగతి ముందే చెబుతున్నాను. ఏడాదిన్నర పాటు నా గుండెల మీద బండ పెట్టి నువ్వు దాని మీద కూచున్నావు. పాస్టరుగారి ముందు ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. నా ఏడుపు నీకు ఓదార్పుగా ఉందా? కడుపు మండింది.

ఆ మంటలో నీకు ఒక ఉత్తరం రాశాను. నేను ప్రేమతో నా ఉద్యోగం తమ్ముడికి ఇచ్చాను, నువ్వు పిరికిదానివై పోగొట్టుకున్నావు, నీకూ నాకూ అదే తేడా అని. రాసి పైకి చదువుకున్నాను. చదువుతూ ‘ప్రేమతో’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. అది చింపేసి ఇది రాస్తున్నాను.

నాన్న పోయినప్పుడు ఆ ఇన్‌స్పెక్టరు నన్ను అడిగాడని రాశాను కదా. అడగడమే కాదు, వాల్తేరు ఆసుపత్రికి వెళ్ళి పెద్ద డాక్టరమ్మకి కనపడమన్నాడు. నేను వెళ్ళాను. ఉన్న ఒక్క మంచి చీర కట్టుకుని, సుగుణని చంకనేసుకుని గేటు దాకా వెళ్ళాను. లోపల తెల్లబట్టల నర్సులు టకటకా నడుస్తున్నారు. గోడలనిండా ఇంగ్లీషు బోర్డులు. గేటు దగ్గరున్న మనిషి, "ఎవరు గావాల?" అని అడిగాడు. కసరలేదు, మామూలుగానే అడిగాడు. నేను, "ఎవరూ వద్దు బాబూ, దారి తప్పొచ్చాను" అని వెనక్కి తిరిగి బస్సెక్కేశాను.

ఇంటికొచ్చి తమ్ముడితో, "నువ్వే చెయ్యరా, ఆడదాన్ని నాకెందుకు" అన్నాను. వాడు నా కాళ్ళ మీద పడి ఏడ్చాడు. అప్ప నాకోసం తన బతుకు ఇచ్చేసిందని ఊరంతా చెప్పుకున్నాడు. వినీ వినీ నాకూ అదే నిజమనిపించింది. ఇరవై ఏళ్ళు వాడు రుణం తీర్చుకుంటున్నాననుకుని పంపాడు. చలి కోటు కొనుక్కోకుండా పంపాడు. నాకు వాడు ఏమీ బాకీ లేడని ఒక్క మాట చెప్పడానికి నాకు ఇరవై ఏళ్ళు చాలలేదు. ఇప్పుడు చెప్పినా వినడానికి వాడు లేడు.

నీకైనా నేను చెప్పగలిగానంటే, నువ్వు ముందు చెప్పబట్టి. లేకపోతే ఈ అబద్ధంతోనే మట్టిలోకి పోయేదాన్ని. అందుకని నీ మీద కోపం పూర్తిగా పట్టుకుని ఉండలేకపోతున్నాను.

పద్నాలుగున వాల్తేరు వెళ్ళు. నీ రైలు ఇక్కడ ఆగుతుంది, కానీ నేను స్టేషనుకి రాను. నన్ను చూస్తే ఇద్దరం ఏడుస్తాం, నువ్వు ఉబ్బిన మొహంతో డాక్టరు ముందుకు వెళ్తావు. అయిదు తప్పానని చెప్పు. పెళ్ళిచూపుల్లో మీ నాన్న అబద్ధమాడాడని చెప్పు, వాళ్ళకీ తండ్రులుంటారు. ఒప్పుకుంటే ఒప్పుకుంటారు, లేకపోతే నీ ఇరవై రెండు క్యారేజీలు ఎక్కడికీ పోవు.

గేటు దగ్గర ఎవరో ఒకరు ఉంటారు. ఎవరు కావాలని అడుగుతారు. అడిగినప్పుడు వెనక్కి చూడకు. నీ పేరు చెప్పి, నన్ను రమ్మన్నారు అను. అని లోపలికి వెళ్ళు.

దేవుడమ్మ